మీరు ఈ మధ్య ఆడిన వీడియో గేముల్లో బాగా నచ్చినది ఏది? నలభై దాటాక గేములు ఆడటం కాలం వృథా కాదా?

గత ఆరేడు నెలల్లో నేను మనసు పెట్టి ఆడిన గేములు మూడు: వెణ్బా, రిటర్న్ ఆఫ్ ది ఒబ్రా డిన్, స్టార్‌డ్యూ వ్యాలీ. వీటిలో ఒక్కటే చెప్పమంటే వెణ్బా పేరు చెబుతాను. ప్రశ్నలో వయసు ప్రస్తావన కూడా ఉంది కాబట్టి, నాకు నలభై మూడేళ్లనీ, పగలంతా ఆఫీసులో జమాఖర్చుల లెక్కలు చూసుకుని రాత్రి భోజనాలయ్యాక గంటసేపు ఆడుకుంటాననీ ముందే చెప్పడం మంచిది. కాలాన్ని మింగేసే గేములు తప్పకుండా ఉన్నాయి. వాటి మీద నాకున్న కోపం కూడా ఈ జవాబులో ఎలాగూ బయటపడుతుంది.

వెణ్బాను టొరంటోకు చెందిన విసై గేమ్స్ అనే చిన్న బృందం తయారు చేసింది. 2023 జూలై నెలాఖరున విడుదలై, మరుసటి ఏడాది బ్రిటన్‌లో ఇచ్చే బాఫ్టా గేమ్ అవార్డుల్లో తొలి గేము విభాగంలో బహుమతి అందుకుంది. 1980ల చివర తమిళనాడు నుంచి కెనడా వెళ్లి నిలదొక్కుకోవాలని చూస్తున్న వెణ్బా, పావలన్ అనే దంపతులు, వాళ్లకు అక్కడ పుట్టిన కవిన్ అనే కొడుకు, కథంతా ఈ ముగ్గురిదే. వెణ్బా దగ్గర తల్లి ఇచ్చిన వంటల పుస్తకం ఒకటి ఉంటుంది. అందులో కాగితాలు చిరిగాయి, అక్షరాలు అలుక్కుపోయాయి. చదవగలిగినంత చదివి, కనబడని భాగాన్ని మనమే ఊహించి వంట పూర్తి చేయాలి. గేములో ఆట అంటూ ఉన్నది ఇంతే.

నేను దీన్ని మొదలుపెట్టిన రోజున అమ్మ మా ఇంట్లోనే ఉంది. కంటి పరీక్ష కోసం బందరు నుంచి హైదరాబాదు వచ్చింది. నేను ల్యాప్‌టాప్‌ను టీవీకి తగిలించి ఆడుతుంటే, ఆవిడ దివాన్ మీద కూర్చుని, ఒళ్లో చేట పెట్టుకుని మర్నాటి కూరకు చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. వీడియో గేము అంటే పిల్లలు తుపాకులతో కాల్చుకునేదని ఆవిడ అభిప్రాయం కాబట్టి మొదట టీవీ వైపు చూడనే లేదు. తెర మీదికి ఇడ్లీ పాత్ర వచ్చేసరికి మాత్రం ఆవిడ చేతులు ఆగాయి. నేను పాత్రలో నీళ్లు పోశాను, రేకుల్లో పిండి పోశాను, ఒకదాని మీద ఒకటి నిటారుగా పేర్చి మూత పెట్టాను. ఇడ్లీలు చెడిపోయాయి. మళ్లీ అదే వరుసలో, ఈసారి పిండి జాగ్రత్తగా పోసి చేశాను. మళ్లీ చెడిపోయాయి. పుస్తకంలో ఆ దశకు సంబంధించిన వాక్యం చెరిగిపోయి ఉంది.

అప్పుడు వెనక నుంచి అమ్మ, "ఒరే, రేకులు అట్లా గుంట మీద గుంట వచ్చేట్టు పెడితే ఆవిరి ఎట్లా ఆడుతుందిరా? మధ్య రేకు కాస్త తిప్పి పెట్టు" అంది. తిప్పి పెట్టాను. ఇడ్లీలు చక్కగా ఉడికాయి. అమ్మ అంతటితో ఊరుకోలేదు. చేట పక్కన పెట్టి, వంటింట్లోకి వెళ్లి మా ఇడ్లీ స్టాండు తెచ్చి నా ముందు పెట్టి, రేకుకు నాలుగేసి గుంటలు, గుంట అడుగున సన్నటి బెజ్జాలు, గుంటకూ గుంటకూ మధ్య ఖాళీ జాగా చూపించింది. పై రేకులోని గుంట కింది రేకులోని ఇడ్లీకి సరిగ్గా నెత్తిన వస్తే, పొంగిన ఇడ్లీ దాని అడుగుకు తగిలి చదునైపోతుందట. ఇడ్లీ పై రేకులోని ఖాళీ జాగా కిందికి వస్తే పొంగడానికి చోటూ దొరుకుతుంది, ఆవిరికి దారీ దొరుకుతుంది. నలభై మూడేళ్లుగా ఆవిడ చేతి ఇడ్లీలు తింటున్న నేను ఆ రేకుల వైపు అంత దగ్గరగా చూసింది ఆ రాత్రే.

ఈ మాట చెప్పడానికే నేను ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను. అరవై ఎనిమిదేళ్ల అమ్మ, జీవితంలో ఎన్నడూ కంట్రోలర్ పట్టుకోని మనిషి, ఒక గేములోని చిక్కుముడిని నాకంటే ముందే విప్పింది. ఇందుకు కావలసిన తెలివి గేములో దొరకదు. అది ఆవిడ రోజూ పొద్దున్నే రెండు వాయల ఇడ్లీ దించిన వంటింట్లో ఉంది. ఎక్కడ నొక్కాలో మెరిసే బాణం గుర్తుతో చూపించి, రెండు క్షణాలు ఆలస్యమైతే పక్కనున్న పాత్ర చేత జవాబు కూడా చెప్పించే గేములు ఇప్పుడు కోకొల్లలుగా వస్తున్నాయి. అలాంటి గేములు ఆడేవాడి చూపును నమ్మవు. వెణ్బా నమ్మింది. పెద్ద పెద్ద స్టూడియోలు వందల మందిని పెట్టి ఏళ్ల తరబడి తయారు చేసే గేములకంటే ఇది గొప్పదని నేను నిస్సంకోచంగా అంటాను.

ఆ తరువాత అమ్మ చిక్కుడుకాయలు పూర్తిగా మరిచిపోయింది. తెర మీది ఇంగ్లీషు మాటలను నేను ఒక్కొక్కటే తెలుగులో చెబుతూ వచ్చాను. తల్లి తమిళంలో మాట్లాడితే కవిన్ ఇంగ్లీషులో బదులిస్తూ, వండిన పుట్టు (బియ్యప్పిండితో ఆవిరి మీద చేసే వంటకం) వద్దని పిజ్జా అడిగే చోట ఆవిడ, "మన చిన్నవాడూ ఇంతే గదా" అంది. మా అక్క కుటుంబం డాలస్‌లో ఉంటుంది. ఆదివారం వీడియో కాల్‌లో అమ్మ తెలుగులో అడుగుతుంది, మనవడు ఇంగ్లీషులో చెబుతాడు, మధ్యలో అక్క అటూ ఇటూ చెప్పిన మాటే మళ్లీ చెబుతుంది. కవిన్ పెద్దవాడై, అమ్మ పుస్తకం తెరిచి, తనకు సరిగ్గా రాని తమిళ అక్షరాలు కూడబలుక్కుంటూ వంట చేయబోయే ఘట్టం వచ్చినప్పుడు మా ఇద్దరిలో ఎవరమూ మాట్లాడలేదు. మొత్తం గేము గంటన్నరలో అయిపోయింది.

ఆ గంటన్నర అన్న మాట వినగానే కొందరు మిత్రులు, అంత డబ్బు పెట్టి గంటన్నరేనా అని అడిగారు. గేమును గంటల లెక్కన తూచే ఈ అలవాటు నాకు బొత్తిగా నచ్చదు. వంద గంటలు ఆడించే గేముల్లో ఎనభై గంటలు ఒకే శత్రువును వేర్వేరు రంగుల్లో కొట్టడంతో సరిపోతుంది. ఉచితమని చెప్పుకునే ఫోను గేములైతే ఇంకా అన్యాయం. మా మేనల్లుడి ఫోనులో ఒకటి చూశాను. గెలిచిన పెట్టె తెరుచుకోవడానికి ఎనిమిది గంటలు ఆగమంటుంది, ఆగలేకపోతే డబ్బు కట్టమంటుంది, ఒక రోజు తెరవకపోతే వరుస తెగిపోయిందని బెదిరిస్తుంది. పన్నెండేళ్ల పిల్లవాడు అర్ధరాత్రి లేచి ఫోను చూసుకుంటున్నాడు. వృథా అన్న మాట వాడాల్సిన చోటు అదే. పిల్లల బలహీనత మీద సొమ్ము చేసుకునే ఆ ఏర్పాటును ఆట అని పిలవడానికి నాకు నోరు రాదు.

ఒబ్రా డిన్ గురించి కూడా కొంత చెప్పాలి, ఎందుకంటే అదీ మన చూపును నమ్మిన గేమే. 2018లో వచ్చిన ఈ గేమును లూకాస్ పోప్ దాదాపు ఒంటిచేత్తో తయారు చేశాడు. 1802లో లండన్ నుంచి బయలుదేరి, ఆచూకీ లేకుండా పోయిన ఒబ్రా డిన్ అనే వర్తక నౌక 1807లో మనుషులు లేకుండా ఇంగ్లండు తీరానికి చేరుతుంది. ఈస్టిండియా కంపెనీ తరఫున నష్టం లెక్క తేల్చే ఉద్యోగిగా మనం ఆ ఓడ ఎక్కి, అరవై మందిలో ఎవరు ఎవరో, ఎవరికి ఏమైందో పుస్తకంలో రాయాలి. చేతిలో ఒక గడియారం ఉంటుంది. శవం దగ్గర దాన్ని తెరిస్తే ఆ మనిషి పోయిన క్షణం కదలకుండా నిలిచిపోయి మన చుట్టూ కనబడుతుంది. బొమ్మలన్నీ నలుపు తెలుపుల్లోనే ఉంటాయి. సమాధానాలు మూడు సరిపోయాక గాని అది ఔనని ఒప్పుకోదు కాబట్టి, గుడ్డిగా రాసి గట్టెక్కడం కష్టం.

జమాఖర్చుల మనిషిగా నాకు ఆ పుస్తకం ఎంతో నచ్చింది. అంతకంటే ముఖ్యంగా, మాది బందరు. ఇంగ్లీషు కంపెనీ 1611లో వర్తక స్థావరం పెట్టింది మా ఊళ్లోనే. ఆ ఓడ సిబ్బంది జాబితా తెరవగానే నా కళ్లు మొదట వెతికింది మనవాళ్ల కోసం. అక్బర్, సయ్యద్ వంటి పేర్లతో, ఇండియా అని ఊరి స్థానంలో రాసి ఉన్న నావికులు కనిపించారు. దొరల ముఖాలు, వాళ్ల దుస్తులు గుర్తుపట్టడం తేలిక. కింది అంతస్తులో ఊయల పడకల్లో ముడుచుకుని పడుకున్న నావికులను గుర్తుపట్టడమే కష్టమైంది. ఆ పడకలకు కట్టిన నంబర్లు జాబితాలోని వరుస సంఖ్యలేనని గ్రహించడానికి నాకు మూడు రాత్రులు పట్టింది. ఆ క్షణంలో లేచి వరండాలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగి వచ్చి కూర్చున్నాను. పేరు తెలిశాక ఆ మనిషి ఇక శవంగా కనబడడు.

స్టార్‌డ్యూ వ్యాలీ మీద నాకు ప్రేమా ఉంది, ఒక ఫిర్యాదూ ఉంది. ఎరిక్ బరోన్ అనే యువకుడు నాలుగేళ్లకు పైగా ఒక్కడే కూర్చుని చేసి 2016లో విడుదల చేసిన వ్యవసాయపు గేము ఇది. చేతికి 15 పార్స్‌నిప్ (క్యారట్ లాంటి దుంప) విత్తనాలు ఇచ్చి, రాళ్లూ మొద్దులూ నిండిన పొలంలో వదిలేస్తుంది. 28 రోజులకు ఋతువు మారుతుంది. కొత్త ఋతువుకు సరిపడని పైరు మారిన రోజు పొద్దుటికే వాడిపోయి ఉంటుంది. ఇవన్నీ బాగున్నాయి. కానీ ఎన్ని కూరగాయలు అమ్మకపు పెట్టెలో వేసినా ధర పైసా తగ్గదు. మా నాన్న డెల్టాలో వరి కోసిన చేలో మినుము చల్లేవాడు. ఊరంతటి మినుమూ ఒకే వారంలో బజారుకు వచ్చి ధర పడిపోతే, బస్తాల మీద చెయ్యి వేసుకుని ఆయన అరుగు మీద కూర్చున్న తీరు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ధర పడని చోట పంట పండించడం తోటపని అవుతుంది గాని వ్యవసాయం కాదని నా దృఢమైన అభిప్రాయం.

ఇక అసలు బాధ. నేను ఆడిన గేములు ఒక్కదానిలోనూ తెలుగు అక్షరం కనబడలేదు. హైదరాబాదులోనే గేములకు బొమ్మలు గీసే స్టూడియోలు, ప్రోగ్రాములు రాసే పిల్లలు ఎందరో ఉన్నారు. పని చేతనైనవాళ్లకు కొదవ లేదు. తమిళ కుటుంబం ఇడ్లీ వండే గేము ప్రపంచమంతా ఆడగలిగినప్పుడు మన ఆవకాయ గేము ఎందుకు రాకూడదు? అమ్మ బందరు వెళ్లాక ఫోనులో అడిగి ఆ పద్ధతి అంతా రాసుకున్నాను. ముక్క టెంకతో సహా తెగాలి, జీడి తీయాలి, లోపలి పొర ఒలవాలి, ప్రతి ముక్కనూ పొడిగుడ్డతో తుడవాలి, ఆవపిండి, కారం, ఉప్పు పాళ్లు కుదరాలి, నువ్వుల నూనె పైకి తేలాలి. వీటిలో ప్రతి దశా ఒక చిక్కుముడే. ఎక్కడ తడి తగిలిందో ఆడేవాడికి వెంటనే తెలియకూడదు, బూజు పట్టిన తరువాతే తెలియాలి. మూడో రోజున తిరగకలిపి ఉప్పు చూసుకునేదాకా ఏమీ చేయడానికి ఉండదు. ఆ మూడు రోజులను గేములో ఎలా చూపించాలన్నది మాత్రం నాకింకా తేలలేదు. అమ్మను అడిగితే, జాడీకి వాసెన కట్టి దాని జోలికి వెళ్లవద్దని చెప్పింది.