బోరు విప్పే ముందు వాల్వ్ సీళ్లు చూడు

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నాన్న స్ప్లెండర్ పొద్దున్నే స్టార్ట్ చేస్తే నీలం పొగ వస్తోందని, మెకానిక్ బోరు (పిస్టన్ ఆడే సిలిండరు) పని చెప్పాడని, నువ్వు మాత్రం ఇంట్లోనే వాల్వ్ సీళ్లు (వాల్వుల దగ్గర ఆయిల్‌ని ఆపే రబ్బరు ముక్కలు) మార్చుకుందామనుకుంటున్నావని రాశావు. నువ్వు చేయగలవు. కానీ ముందు తప్పు సీళ్లదేనని తేల్చుకో. సీళ్లు మార్చడం కష్టమేమీ కాదు, ఇది తేల్చుకోవడంలోనే ఉంది నేర్పంతా.

నీలం పొగంటే ఆయిల్ కాలుతున్నట్టు. అది ఎప్పుడు వస్తోందో చూడు. రాత్రంతా బండి ఆగి ఉంటే హెడ్‌లోని (ఇంజిన్ పైభాగంలోని) ఆయిల్ అరిగిన సీలు పక్కనుంచి బొట్టు బొట్టుగా వాల్వు గైడులోకి, అంటే వాల్వు కాడ ఆడే గొట్టంలోకి దిగుతుంది. పొద్దున్న కిక్ కొట్టగానే అది గుప్పున కాలి, కాసేపటికి పొగ తగ్గిపోతుంది. రెండో గుర్తు, ఎక్స్‌లేటర్ మూసి బండిని గేరులోనే కాసేపు పోనిచ్చి, మళ్ళీ తెరిచినప్పుడు వచ్చే పొగ. ఎక్స్‌లేటర్ మూసినప్పుడు ఇన్‌లెట్ దారిలో గాలి గుంజుడు ఎక్కువై సీలు పక్కనుంచి ఆయిల్‌ని లాగేస్తుంది. మన వైపు కొండలూ ఘాట్లూ లేవు కాబట్టి చించినాడ వంతెన దిగేటప్పుడు చూసుకో. వెనకాల ఇంకో బండి మీద ఎవరినైనా రమ్మని పొగ చూసి చెప్పమను.

అలా కాకుండా బరువు వేసుకుని లాగుతున్నప్పుడల్లా, ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకుండా పొగ వస్తుంటే అది పిస్టన్ రింగులూ బోరూ అరిగిన లక్షణం. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడు. అక్కడి నుంచి పొగ బలంగా తన్నుకొస్తున్నా, కిక్ కొడితే కంప్రెషన్ తగలకపోయినా మీ మెకానిక్ చెప్పిందే నిజం. అప్పుడు సీళ్ల మీద ఖర్చు పెట్టకు.

గుర్తులు సీళ్ల వైపే ఉంటే ఇక పని మొదలుపెట్టు. సీడీ 100 వచ్చిన 1985 నుంచీ ఈ 97.2 సీసీ ఇంజిన్ మన లంక ఊళ్లలో తిరుగుతూనే ఉంది, కాబట్టి సామాను దొరకడం కష్టం కాదు. సీళ్లు, హెడ్ ప్యాకింగ్, ఓ-రింగులు, సైలెన్సర్ ప్యాకింగ్ ముందే తెచ్చి పెట్టుకో. సీళ్లు మాత్రం కంపెనీవే కొను. నాసిరకం రబ్బరు వేడికి త్వరగా గట్టిపడుతుంది, గట్టిపడ్డ సీలు వాల్వుని పట్టుకోలేదు.

కొన్ని ఇంజిన్లకి పైమూత తీయగానే స్ప్రింగులు కనిపిస్తాయి. వాటికి హెడ్ దింపకుండానే, ప్లగ్గు రంధ్రంలోంచి తాడు దూర్చి, పిస్టన్ పైకి తెచ్చి, వాల్వులు కింద పడకుండా ఆపి సీళ్లు మారుస్తారు. తాడంటే నైలాన్ తాడే. కొబ్బరి తాడు వాడితే పీచు ఊడి లోపల ఉండిపోతుంది. నీ బండికి మాత్రం హెడ్ దింపమనే నా సలహా. వాల్వుల్నీ గైడుల్నీ కళ్లారా చూడొచ్చు.

మీ సఖినేటిపల్లిలో ఉప్పుగాలికి సైలెన్సర్ నట్లు తుప్పు పట్టి ఉంటాయి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచు. విప్పే ముందు కాలవగట్టు మట్టంతా పోయేలా ఇంజిన్ కడిగి ఆరబెట్టు. చల్లటి ఇంజిన్ మీదే పని చెయ్యి. ఎడమవైపు మాగ్నెట్ (కరెంటు పుట్టించే చక్రం) కవరు మీది రెండు మూతలూ తీసి, ప్లగ్గు కూడా తీసేసి, మాగ్నెట్‌ని అపసవ్యంగా తిప్పు. పిస్టన్ పైకొచ్చిందని చెప్పే టీ (T) గుర్తు కవరు గీతకి ఎదురుగా రావాలి, వాల్వుల్ని నొక్కే రాకర్లు రెండూ వదులుగా కదలాలి. అప్పుడు క్యామ్ (రాకర్లని ఆడించే ఇరుసు) పళ్లచక్రం మీద గుర్తు హెడ్ మీది గుర్తుకి ఎదురుగా ఉంటుంది. ఫోన్లో ఫోటో తీసుకో. చైన్ విప్పగానే తీగతో పైకి కట్టు, లోపలికి జారిపోతే వెతకడం పెద్ద గొడవ. హెడ్ నట్లు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా వదులు చెయ్యి. ఏ నట్టు కింద ఏ వాషరు ఉందో రాసుకో.

వాల్వులు తీసేటప్పుడు వాల్వుని స్ప్రింగుకి పట్టి ఉంచే లాకుల్ని సుత్తి దెబ్బలతో ఊడగొట్టకు. స్ప్రింగ్ కంప్రెసర్‌తో నొక్కి, అయస్కాంతంతో లాకులు తీసుకో. ఇన్‌లెట్ సామాను ఒక డబ్బాలో, ఎగ్జాస్ట్‌ది ఇంకో డబ్బాలో పెట్టు. వాల్వు కాడ కొసన అంచు మొరటుగా ఉంటే సాన రాయితో నునుపు చేశాకే బయటికి లాగు, లేకపోతే గైడుని గీకేస్తుంది.

ఇప్పుడు ముఖ్యమైన పరీక్ష. కాడకి నూనె రాసి వాల్వుని గైడులో పెట్టి, సీటు మీద నుంచి ఒక సెంటీమీటరు పైకెత్తి పక్కలకి ఊపు. వదులు బాగా తెలుస్తుంటే గైడు అరిగింది. అరిగిన గైడు మీద కొత్త సీలు వేసినా కొన్నాళ్లకే పాడవుతుంది, నాన్న మళ్ళీ పొగే చూస్తాడు. అలాంటప్పుడు హెడ్‌ని పంటు (గోదావరి దాటించే పడవ) మీద నరసాపురం తీసుకెళ్ళి మంచి లేత్ షాపులో గైడులు మార్పించు, సీట్లు కూడా కోయించు. ఆ ఖర్చుకి వెనకాడకు. గైడు బాగుంటే కార్బన్ గీకి, వాల్వులు కాస్త గ్రైండింగ్ పేస్టుతో రుద్ది, పేస్టు మరక కూడా మిగలకుండా పెట్రోలుతో కడుగు. ఇంట్లో పొయ్యి దగ్గర మాత్రం ఈ పని పెట్టుకోకు, అరుగు మీద గాలి ఆడేచోట చేసుకో.

పాత సీలు తీస్తే దాన్ని మళ్ళీ వాడకూడదు. కొత్తదానికి ఇంజిన్ ఆయిల్ రాసి, గైడు మీద నిటారుగా పెట్టి, సరిపోయే సాకెట్‌తో నెమ్మదిగా నొక్కు. కూర్చున్నట్టు చేతికి తెలుస్తుంది. వాల్వుని మెల్లగా తిప్పుతూ తోయి, లాకు గాడి అంచులు సీలు పెదవిని కోసేసే ప్రమాదం ఉంది. స్ప్రింగులో చుట్లు దగ్గరగా ఉన్న వైపు హెడ్‌కి ఆనాలి. లాకులు పడ్డాక కాడ మీద ప్లాస్టిక్ సుత్తితో చిన్నగా తట్టి, కూర్చున్నాయో లేదో చూడు.

బిగింపు టార్క్ రించితో, బండి పుస్తకంలోని కొలత ప్రకారమే. క్యామ్, టీ గుర్తులు మళ్ళీ కలిపి, టాపెట్లు (రాకరుకీ వాల్వుకీ మధ్య సందు) ఫీలర్ గేజ్‌తో సెట్ చేసి, ఇంజిన్‌ని చేత్తో రెండు మూడు చుట్లు పూర్తిగా తిప్పు. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆపి టైమింగ్ చూసుకో. కిక్ కొట్టడం ఆ తర్వాతే. కొత్త ఆయిల్ పోసి స్టార్ట్ చేస్తే మొదట్లో పొగ వస్తుంది. అది సైలెన్సర్‌లో మిగిలిన పాత ఆయిల్ కాలడం, టెన్షన్ పడకు. రాజోలు దాకా వెళ్ళొస్తే తేలిపోతుంది. నెల రోజులు వారం వారం ఆయిల్ మట్టం చూడు.

స్ప్రింగ్ కంప్రెసర్, ఫీలర్ గేజ్ నా దగ్గరున్నాయి. అమలాపురం వచ్చినప్పుడు తీసుకెళ్ళు. గైడు వదులు విషయంలో అనుమానం ఉంటే హెడ్ కూడా పట్టుకొచ్చేయి, ఇద్దరం కలిసి చూద్దాం.

నీ మావయ్య