ఒక్క గది శుభ్రమయ్యాకే నిద్ర పట్టింది

ఇంటి శుభ్రతకూ మన ఆరోగ్యానికీ, మనశ్శాంతికీ నిజంగా సంబంధం ఉందా, లేక అది పెద్దవాళ్ల చాదస్తమా అని మీరు అడిగారు. సంబంధం ఉందని నాకు కర్నూలులో 2009 అక్టోబరు వరదల తర్వాత తెలిసివచ్చింది.

తుంగభద్ర, హంద్రీ పొంగి ఊళ్లోకి వచ్చినప్పుడు పాతబస్తీలోని మా ఇల్లు కూడా మునిగింది. నీళ్లు తీశాక తిరిగి వచ్చి చూస్తే, బేతంచెర్ల బండలు పరిచిన నేల కనిపించకుండా ఒండ్రు పేరుకుని ఉంది. దూది పరుపులు నీళ్లు పీల్చి ఇద్దరు పట్టినా లేవనంత బరువెక్కాయి. నానిన బియ్యం బస్తా నుంచి వచ్చే పులిసిన వాసన వీధి గుమ్మం దాకా కొట్టేది. మొదటి మూడు రోజులు తలా ఒక గదిలో దిగి, ఏదీ పూర్తి చేయకుండా, సాయంత్రానికి ఒకరి మీద ఒకరం విసుక్కున్నాం. రాత్రిళ్లు కన్ను మూతపడేది కాదు. నాలుగో రోజు మా జేజి, "ముందర వంటిల్లు ఒక్కటి ముగించండ్రా, తక్కినవాటి మాట తర్వాత" అని గదమాయించింది. పారలతో మట్టి తోడి, తట్టలకెత్తి బయట పోసి, బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లతో బండలు కడిగి ఆరబెట్టాం. ఆ రాత్రి అందరం వంటింట్లోనే చాపలు పరుచుకుని తెల్లవారేదాకా నిద్రపోయాం. చుట్టూ మిగిలిన ఇల్లు మాత్రం మట్టిలోనే ఉంది.

ఆ పనుల్లోనే ఒక పొరపాటు చేశాను. మరుగుదొడ్డిలో బ్లీచింగ్ పౌడరు చల్లిన చోటే యాసిడ్ పోశాను. వెంటనే క్లోరిన్ వాయువు లేచి, కళ్లు మండి, ఊపిరాడక బయటికి పరుగెత్తాను. మీరు ఆ రెండూ ఎన్నడూ కలపకండి.

శరీరం మీద ప్రభావం ఆలస్యంగా తెలిసింది. గోడలు లోపల ఆరకముందే, పండుగ వస్తోందన్న తొందరలో సున్నం కొట్టించాం. నెల తిరక్కుండానే అది పెచ్చులూడింది, బీరువా వెనక నల్లటి బూజు పట్టింది, ఆ గదిలో పడుకునే మా అమ్మకు తెల్లవారుజామున పిల్లికూతలు మొదలయ్యాయి. డాక్టరు మందులిస్తూనే గోడల చెమ్మ గురించి అడిగారు. బీరువాను గోడకు జానెడు దూరం జరిపి, బూజు గీకించి, పగలంతా కిటికీలు తెరిచి ఉంచడం మొదలుపెట్టాక ఆయాసం తగ్గుముఖం పట్టింది. అందులో మందుల పాలెంత, గాలి పాలెంత అని నేను విడదీసి చెప్పలేను.

నీళ్లు పట్టి ఉంచే డ్రమ్ములను వారానికోసారి వంచి, లోపలి గోడలను పీచుతో రుద్దుతాం. డెంగీ దోమ గుడ్లు నీటి అంచున గోడకే అంటుకుని, నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి కాబట్టి ఊరికే పారబోస్తే చాలదు.

అయితే ఇల్లంతా అద్దంలా ఉండాలన్న పంతం నాకు లేదు. పడుకునే ముందు వంటగట్టు తుడిచి, అంట్లు కడగడం మాత్రం మానను. మేడ మీది నా గది చూస్తే మాత్రం ఈ సమాధానం రాసింది నేనేనని మీరు నమ్మరు.