ఏ దేశం జెర్సీ? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రెండు దేశాల పౌరసత్వం ఉన్న ఫుట్‌బాల్ ఆటగాళ్లు ఏ జాతీయ జట్టుకు ఆడాలన్న విషయం మీద ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువ మంది కోపంగానే రాశారు. ఆ కోపం ఆటగాళ్ల మీద చూపించడం అన్యాయమని నా గట్టి నమ్మకం. అందుకే మిగతా విషయాలన్నీ వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈ ఒక్కదానికే చోటు కేటాయిస్తున్నాను.

ప్రశ్న: ఒక దేశంలో పుట్టి, అక్కడే ఆట నేర్చుకుని, తీరా పెద్దయ్యాక తల్లిదండ్రుల దేశానికి ఆడటం పెంచిన దేశానికి ద్రోహం కాదా? 2022 ప్రపంచ కప్‌లో మొరాకో జట్టును చూసినప్పుడు నాకు అదే అనిపించింది.

కాదు. ద్రోహం అన్న మాట నన్ను బాధపెట్టింది కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ఆ మొరాకో జట్టులోని 26 మందిలో 14 మంది మొరాకో బయట పుట్టినవారే. కోచ్ వలీద్ రెగ్రాగీ పుట్టింది కూడా ఫ్రాన్స్‌లో. ప్రపంచ కప్ సెమీఫైనల్ చేరిన తొలి ఆఫ్రికా జట్టు అది. అందులోని అష్రఫ్ హకీమీ మాడ్రిడ్‌లో పుట్టాడు, రియల్ మాడ్రిడ్ అకాడమీలో ఎదిగాడు. తల్లి ఇళ్లు శుభ్రం చేసేవారు, తండ్రి వీధుల్లో సరుకులు అమ్మేవారు. స్పెయిన్ జట్టు శిబిరానికి వెళ్లి ఒకటి రెండు రోజులు ఉన్నాక అది తన చోటు కాదనిపించిందని హకీమీయే తర్వాత చెప్పాడు. అక్కడ తనను ఎవరూ చిన్నచూపు చూశారని అతను అనలేదు. ఇంట్లో తాను పెరిగిన తీరు వేరు, అంతే. 2022 డిసెంబరు 6న అదే స్పెయిన్‌తో షూటౌట్‌లో మొరాకోను గెలిపించిన చివరి పెనాల్టీ అతనిదే. గోల్ మధ్యలోకి బంతిని మెల్లగా లేపి వేశాడు. ఆ ధైర్యం చూసిన తర్వాత కూడా అతని మనసు ఎటుందని ఎవరైనా అడగగలరా?

'పెంచిన దేశం' అన్నారు. అకాడమీలకు డబ్బు పెట్టేది చాలావరకు క్లబ్బులు. ఆ క్లబ్బులకు పెట్టిన డబ్బు తిరిగి వస్తుంది కూడా. హకీమీని రియల్ మాడ్రిడ్ 2020లో ఇంటర్ మిలాన్‌కు అమ్ముకుంది. అతని తల్లిదండ్రులు స్పెయిన్‌లో ఏళ్ల తరబడి కష్టపడి బతికారు. ఆ లెక్కలో ఇంకా బాకీ ఏమైనా మిగిలిందని నేను అనుకోను.

హకీమ్ జియేష్ నెదర్లాండ్స్‌లోని ద్రోంటెన్‌లో పుట్టాడు. 2015లో అతను మొరాకోను ఎంచుకున్నప్పుడు, నెదర్లాండ్స్ జట్టులో చోటు దొరికే స్థాయిలో ఉండి ఇంత తెలివితక్కువ పని చేస్తారా అన్నట్టు ఆ దేశపు మాజీ ఆటగాడు మార్కో వాన్ బాస్టెన్ విమర్శించారు. వాన్ బాస్టెన్ ఆటకు నేను చేతులెత్తి మొక్కుతాను. ఆ మాటను మాత్రం ఒప్పుకోలేను. 2018 ప్రపంచ కప్‌కు నెదర్లాండ్స్ అర్హత సాధించలేదు, మొరాకో సాధించింది, జియేష్ ఆడాడు. ఒకవేళ మొరాకో వెళ్లకపోయినా, జియేష్ ఒక్క ప్రపంచ కప్ కూడా ఆడకపోయినా, నా జవాబు ఇదే.

ఇప్పుడు రెండో వైపు చూడండి. లమీన్ యమాల్ తండ్రిది మొరాకో, తల్లిది ఈక్వటోరియల్ గినీ. మొరాకో కూడా అతన్ని పిలిచింది. అతను పుట్టిన స్పెయిన్‌నే ఎంచుకుని, 2023 సెప్టెంబరులో 16 ఏళ్లకే జార్జియాపై ఆడి గోల్ చేశాడు, మరుసటి ఏడాది యూరో కప్ గెలిచాడు. తల్లిదండ్రుల దేశాల జెండాలను బూట్ల మీద వేయించుకున్నాడు. అతన్ని ద్రోహి అంటూ నాకు ఒక్క ఉత్తరమూ రాలేదు. ధనిక దేశాన్ని ఎంచుకుంటే సహజం, పేద దేశాన్ని ఎంచుకుంటే కృతఘ్నత అనుకుంటున్నామా? దయచేసి ఒకసారి ఆలోచించండి.

ప్రశ్న: ఒక దేశానికి ఒక్క మ్యాచ్ ఆడినా ఇక ఆ దేశానికే కట్టుబడాలా? ఒకరు మారగలిగితే మరొకరు ఎందుకు మారలేకపోతున్నారు?

తేడా అంతా ఆ మ్యాచ్ ఏ రకానిది అన్నదానిలో ఉంది. స్నేహపూర్వక మ్యాచ్ అయితే ఆటగాడు కట్టుబడినట్టు కాదు. డియెగో కోస్టా 2013 మార్చిలో బ్రెజిల్‌కు రెండు స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడి, 2014 ప్రపంచ కప్‌లో స్పెయిన్ జెర్సీతో బ్రెజిల్‌కే వెళ్లాడు. ఆబిజాన్‌లో పుట్టి లండన్‌లో పెరిగిన విల్‌ఫ్రెడ్ జాహా ఇంగ్లాండ్‌కు అలాంటివే రెండు ఆడి ఐవరీ కోస్ట్‌కు మారాడు. డెక్లన్ రైస్ 2018లో ఐర్లాండ్‌కు మూడు ఆడాడు, 2019లో ఇంగ్లాండ్ వాడయ్యాడు.

మునీర్ ఎల్ హద్దాదీకి ఆ వెసులుబాటు లేకపోయింది. అతను మాడ్రిడ్ ప్రాంతంలో మొరాకో తండ్రికి పుట్టాడు. బార్సిలోనాలో అప్పుడే వెలుగులోకి వచ్చాడు. 2014 సెప్టెంబరులో, 19 ఏళ్లు నిండిన వారానికి, మాసిడోనియాతో యూరో అర్హత మ్యాచ్‌లో స్పెయిన్ అతన్ని సబ్‌స్టిట్యూట్‌గా దించింది. 13 నిమిషాలు ఆడాడు. స్పెయిన్ అప్పటికే సునాయాసంగా గెలుస్తోంది, ఆ మ్యాచ్ 5-1తో ముగిసింది. ఆ తర్వాత సీనియర్ జట్టులో మళ్లీ ఆడించలేదు. కానీ టోర్నీ అర్హత మ్యాచ్ అంటే అధికారిక మ్యాచ్ కాబట్టి, అప్పటి నియమం ప్రకారం మరో దేశానికి ఆడే దారి మూసుకుపోయింది.

2018 ప్రపంచ కప్‌లో మొరాకోకు ఆడాలని అతను క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానం దాకా వెళ్లాడు. అక్కడా ఓడిపోయాడు. ఆ ప్రపంచ కప్‌లో స్పెయిన్, మొరాకో ఒకే గ్రూపులో పడ్డాయి. కలినిన్‌గ్రాడ్‌లో తలపడి 2-2తో డ్రా చేసుకున్నాయి. స్పెయిన్ అతన్ని పిలవలేదు, మొరాకోకు పిలిచే హక్కు లేదు. ఒక కుర్రాడి 13 నిమిషాలకు ఇంత శిక్షా? ఈ కథ గుర్తొచ్చినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. మరో దేశానికి పోకుండా కట్టేయడానికే స్పెయిన్ అతన్ని దించిందో, అది యాదృచ్ఛికమో నేను తేల్చలేను. పెద్దలు తీసుకున్న నిర్ణయానికి మూల్యం చెల్లించింది మాత్రం ఆ కుర్రాడు.

2020 సెప్టెంబరులో ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే సంస్థ ఫిఫా ఈ నియమాన్ని సడలించింది. ఇప్పుడు అధికారిక సీనియర్ మ్యాచ్ ఆడినవారు కూడా మారవచ్చు. అయితే సీనియర్ జట్టుకు ఆడినవి మూడుకు మించకూడదు, 21 ఏళ్లు నిండకముందే ఆడి ఉండాలి, చివరి మ్యాచ్ ఆడి మూడేళ్లు గడవాలి. ప్రపంచ కప్‌లో గానీ యూరో కప్ లాంటి ఖండ స్థాయి టోర్నీ ప్రధాన దశలో గానీ ఆడి ఉండకూడదు. తొలి అధికారిక మ్యాచ్ నాటికే రెండో దేశ పౌరసత్వం ఉండాలి. మార్పు ఒక్కసారే. ఈ హద్దులు నాకు సబబుగానే ఉన్నాయి. హద్దులే లేకపోతే ప్రతి టోర్నీకీ ఆటగాళ్లు అటూ ఇటూ మారుతుంటారు. మునీర్ చివరికి 2021లో మొరాకోకు ఆడాడు. అప్పటికి అతనికి 25 ఏళ్లు.

ప్రశ్న: అన్నదమ్ములు వేర్వేరు దేశాలకు ఆడితే ఆ తల్లి ఎవరి వైపు ఉంటుంది?

ఈ ప్రశ్న రాసింది కూడా ఒక తల్లే. మీ ప్రశ్నకు ఒక తల్లే మైదానంలో జవాబు చెప్పింది. 2016 జూన్ 11న ఫ్రాన్స్‌లోని లాన్స్‌లో, యూరో కప్‌లో స్విట్జర్లాండ్, అల్బేనియా ఆడాయి. స్విట్జర్లాండ్ జట్టులో గ్రానిత్ జాకా, అల్బేనియా జట్టులో అన్న తౌలంత్ జాకా. ఇద్దరూ బాసెల్‌లో పుట్టారు. తల్లిదండ్రులు కొసావో నుంచి వచ్చిన అల్బేనియన్లు. సగం స్విస్, సగం అల్బేనియా రంగులున్న చొక్కా తొడుక్కుని ఆ తల్లి మ్యాచ్ చూసింది. స్విట్జర్లాండ్ 1-0తో గెలిచింది.

ప్రపంచ కప్‌లో బోటెంగ్ సోదరులు రెండుసార్లు ఎదురెదురు పడ్డారు. 2010లోనూ 2014లోనూ జెరోమ్ జర్మనీకి, కెవిన్ ప్రిన్స్ ఘనాకు ఆడారు. ఇద్దరి తండ్రీ ఒకరే, ఇద్దరూ బెర్లిన్‌లోనే పుట్టారు. విలియమ్స్ సోదరుల తల్లిదండ్రులు ఘనా నుంచి సహారా ఎడారిని దాటి స్పెయిన్ చేరారు. అన్న ఇనాకీ ఘనాను, తమ్ముడు నికో స్పెయిన్‌ను ఎంచుకున్నారు. 2022లో ఇద్దరూ ప్రపంచ కప్ ఆడారు. ఒకే ఇంట్లో, ఒకే అన్నం తిన్న ఇద్దరికి రెండు వేర్వేరు జవాబులు రావచ్చు. రెండూ నిజమైనవే.

ప్రశ్న: పౌరసత్వం ఇచ్చేసి ఆటగాళ్లను తెచ్చుకునే దేశాల సంగతి ఏమిటి?

ఇక్కడ నేను మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. 2004లో ఖతార్ తమ దేశంతో ఏ సంబంధమూ లేని బ్రెజిల్ ఆటగాళ్లకు పౌరసత్వం ఇవ్వబోతే ఫిఫా అడ్డుపడి, ఆటగాడికి ఆ దేశంతో స్పష్టమైన సంబంధం ఉండాలని చెప్పింది. తానో, తల్లిదండ్రులో, తాత అవ్వలో అక్కడ పుట్టి ఉండాలి, లేదా నిర్ణీత కాలం అక్కడ నివసించి ఉండాలి. పెద్దయ్యాక వెళ్లినవారికి ఇప్పుడు ఆ గడువు ఐదేళ్లు.

2025 జూన్‌లో మలేషియా వియత్నాంను 4-0తో ఓడించింది. మలేషియా తరఫున ఆడిన ఏడుగురి తాత అవ్వల జన్మ పత్రాలు తారుమారయ్యాయని ఫిఫా క్రమశిక్షణ కమిటీ ఆ సెప్టెంబరులో తేల్చింది. మలేషియా ఫుట్‌బాల్ సమాఖ్యకు 3,50,000 స్విస్ ఫ్రాంకుల జరిమానా, ఆటగాళ్లకు ఏడాది నిషేధం విధించింది. సమాఖ్య అప్పీలుకు వెళ్లింది. తాత పుట్టిన ఊరు పేరు మార్చి జట్టు కట్టడాన్ని, హకీమీ ఎంపికను ఒకే గాటన కట్టకండి.

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు. రెండు దేశాల పౌరసత్వం ఉంది. రెండు సమాఖ్యలూ పిలుస్తున్నాయి. ఒక సమాఖ్య వచ్చే నెలలోనే సీనియర్ జట్టులోకి తీసుకుంటామంటోంది. వాడు ఏదీ తేల్చుకోలేకపోతున్నాడు. ఏం చేయమంటారు?

తొందరపెట్టకండి, తొందరపెట్టనివ్వకండి. 17 ఏళ్ల పిల్లవాడికి సీనియర్ జట్టు జెర్సీ చూపిస్తే వద్దనడం ఎంత కష్టమో నాకు అర్థమవుతుంది. ఆ సమాఖ్యను ముందుగా ఒక్క సంగతి అడగండి: వచ్చే నెల మ్యాచ్ స్నేహపూర్వకమా, అధికారికమా? స్నేహపూర్వకమైతే వెళ్లి ఆడనివ్వండి, ఆ శిబిరంలో వాడికి ఎలా అనిపించిందో తిరిగొచ్చాక వాడి నోటే వినండి. అధికారికమైతే, ఆ తర్వాత ఏడాదిలో వాడిని ఎక్కడ, ఎలా ఆడించాలనుకుంటున్నారో కోచ్‌తోనే మాట్లాడండి. మునీర్ కథ చెప్పి మరీ అడగండి. సరైన జవాబు రాకపోతే యువ జట్టులోనే కొనసాగుతాడని చెప్పండి. యువ జట్టుకు ఆడినవారికి మారే దారి ఇంకా తెరిచే ఉంటుంది.

రెండు పాస్‌పోర్టులూ చెల్లుబాటులో ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. రెండో పౌరసత్వం ఏ తేదీ నుంచి ఉందో చూపే పత్రం భద్రపరచండి, రేపు ఫిఫా అడిగేది ఆ తేదీనే. ఏజెంటును ఈ నిర్ణయానికి దూరంగా ఉంచండి. అతనికి వాడి క్లబ్బు ఒప్పందం ముఖ్యం.

ఇంట్లో తాత ఒక మాట, మేనమామ ఒక మాట అంటున్నారని రాశారు. వాళ్లను కొన్నాళ్లు ఆగమనండి. సమాఖ్యల నుంచి జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి. అవి వచ్చాక నాకు మళ్లీ రాస్తే, కాగితాలు చదివి నాకు తెలిసినంత చెబుతాను. మీ పేరు అప్పుడు కూడా ప్రచురించం.