ఎలక్ట్రిక్ ఫర్నేస్ గాలి కాసేపు వేడిగా, కాసేపు చల్లగా వస్తోందా? థర్మోస్టాట్ జోలికి ఇప్పుడే వెళ్లకండి

మీరు చెప్పినదాన్ని బట్టి, కొత్తగా 15 కిలోవాట్ల ఎలక్ట్రిక్ ఫర్నేస్ (కరెంటుతో ఇల్లంతా వెచ్చబరిచే యంత్రం) పెట్టించారు. థర్మోస్టాట్ 22 డిగ్రీల మీద ఉంది. వెంట్‌లోంచి గాలి కాసేపు సలసలా వేడిగా, కాసేపటికి చల్లగా వస్తోంది, ఇల్లు మాత్రం 19 దాటడం లేదు. థర్మోస్టాట్ మార్చాలా అని మీ ప్రశ్న. అక్కర్లేదనే నా అనుమానం. మా ఇంట్లోనూ కొత్త ఫర్నేస్ ఇలాగే చేసింది, చివరికి చూస్తే థర్మోస్టాట్ పాపం ఏమీ ఎరగదు. లోపం గాలి సరిపడా వెళ్ళకపోవడంలో ఉంది.

ఈ ఫర్నేసుల్లో గాలిని వేడిచేసేందుకు మామూలుగా 5 కిలోవాట్ల కాయిల్స్ (వేడెక్కే తీగచుట్లు) ఉంటాయి, మీ దాంట్లో బహుశా మూడు. లోడ్ అంతా ఒక్కసారే పడకుండా సీక్వెన్సర్ వాటిని ఒకదాని తర్వాత ఒకటి ఆన్ చేస్తుంది. అందుకే మొదట్లో గాలి గోరువెచ్చగా ఉంటే కంగారు అక్కర్లేదు. కానీ కాయిల్ మీదుగా సరిపడా గాలి పోకపోతే లోపల వేడి పేరుకుపోయి లిమిట్ స్విచ్ కరెంటు ఆపేస్తుంది. ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది కాబట్టి మీకు చల్లగాలి తగులుతుంది. చల్లారగానే స్విచ్ మళ్ళీ కలుపుతుంది. రోజంతా ఇదే తంతు. ఆ స్విచ్‌ని బైపాస్ చేస్తే సరిపోతుందని ఎవరైనా సలహా ఇస్తే, దయచేసి వాళ్ళని ఫర్నేస్ దరిదాపులకు రానివ్వకండి.

ముందు ఫిల్టర్ తీసి చూడండి, మూసి ఉన్న వెంట్లన్నీ తెరవండి. తర్వాత రెండు థర్మామీటర్లు తీసుకోండి. ఒకటి ఫర్నేస్‌లోకి గాలి వెళ్ళే డక్ట్‌లో (గాలి గొట్టంలో), రెండోది వేడి గాలి బయటికొచ్చే డక్ట్‌లో పెట్టండి. రెండోదాన్ని కాయిల్స్‌కి ఎదురుగా కాకుండా ఒక మలుపు తర్వాత పెట్టాలి, లేకపోతే కాయిల్ సెగ నేరుగా తగిలి ఎక్కువ చూపిస్తుంది. కాయిల్స్ అన్నీ ఆన్ అయి పది, పదిహేను నిమిషాలు నడిచాక రెండింటి తేడా రాసుకోండి. మధ్యలో లిమిట్ కొట్టేస్తుంటే కొట్టేయడానికి ముందు చూపించిన అంకె తీసుకోండి. ఆ తేడా ఎంత ఉండాలో ఫర్నేస్ మీద అంటించిన ప్లేటులో ఉంటుంది.

మాదీ 15 కిలోవాట్లదే, 36 డిగ్రీల తేడా వచ్చింది. కిలోవాట్లని 1.2తో, మళ్ళీ ఈ తేడాతో భాగిస్తే సెకనుకి ఎన్ని ఘనమీటర్ల గాలి వెళ్తోందో తెలుస్తుంది. మాకు 0.35 వచ్చింది. అదే తేడా, ఉదాహరణకి, 22 డిగ్రీలే అయ్యుంటే దాదాపు 0.57 ఉండేది. బిగించినాయన బ్లోయర్‌ని (గాలి తోసే ఫ్యాన్‌ని) అన్నిటికన్నా తక్కువ స్పీడులో వదిలేసి వెళ్ళిపోయాడన్నమాట! ఎలక్ట్రీషియన్ వచ్చి స్పీడు వైరు మార్చాక తేడా 24కి దిగింది. తమాషా ఏంటంటే, వెంట్ దగ్గర చెయ్యి పెడితే గాలి మునుపటంత వేడిగా అనిపించదు. "ఇదేంటి, వేడి ఇంకా తగ్గిందే" అని ఇంట్లో గొడవ. గంట గడిచేసరికి గది వెచ్చబడి అందరూ సర్దుకున్నారు.

స్పీడు మార్చడం గురించి ఒక్క మాట. పాతరకం మోటారుకి రంగురంగుల వైర్లు ఉంటాయి, ఏ రంగు ఏ స్పీడో ఫర్నేస్ తలుపు లోపలి బొమ్మలో ఉంటుంది. వాడని వైర్ల కొసలు విడివిడిగా కప్పి ఉంచాలి, రెండు స్పీడు వైర్లు కలిపితే మోటారు కాలిపోతుంది. కొత్తరకం మోటార్లయితే బోర్డు మీద చిన్న స్విచ్‌లతో మారుస్తారు. థర్మోస్టాట్ ఆపినా కాయిల్ దగ్గర కరెంటు ఉండొచ్చు. పైగా 15 కిలోవాట్ల ఫర్నేసుకి చాలాసార్లు రెండు బ్రేకర్లు ఉంటాయి, రెండూ ఆపి, టెస్టర్‌తో చూశాకే చెయ్యి పెట్టాలి. అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి.

ఆయన వచ్చినప్పుడే క్లాంప్ మీటర్‌తో (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) ఒక్కో కాయిల్ ఎంత తీసుకుంటోందో చూడమనండి. 240 వోల్టులకి 5 కిలోవాట్ల కాయిల్ దాదాపు 21 ఆంపియర్లు లాగాలి. వేడిగాలి వస్తున్నప్పుడు కూడా ఒకటి సున్నా చూపిస్తే కాయిలో, దాని ఫ్యూజో, సీక్వెన్సరో పోయినట్టే. అప్పుడు తేడా తక్కువగా వస్తుంది, నేను పైన చెప్పిన లెక్క పనిచేయదు. టెర్మినల్ స్క్రూలు కూడా బిగించమనండి. వదులుగా ఉన్నచోట వైరు తొడుగు రంగు మారి కనిపిస్తుంది.

ఇవన్నీ అయ్యాకే థర్మోస్టాట్. దాంట్లో ఫ్యాన్‌కి గ్యాస్, ఎలక్ట్రిక్ అని ఎంపిక ఉంటే ఎలక్ట్రిక్ మీద ఉందో లేదో చూడండి. గ్యాస్ మీద ఉంటే కొన్ని ఫర్నేసుల్లో ఫ్యాన్ ఆలస్యంగా మొదలవుతుంది.

మీ ఉష్ణోగ్రతల తేడా, ప్లేటు మీద రాసిన అంకె ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.