జీతం ఎక్కువిచ్చే జట్టా, కప్పులు కొట్టే జట్టా?

ప్రశ్న: మా అబ్బాయికి 20 ఏళ్లు. ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్, మిడ్‌ఫీల్డ్‌లో ఆడతాడు. ఉన్న కాంట్రాక్ట్ ఈ సీజన్‌తో అయిపోతుంది, రెండు క్లబ్బులు పిలుస్తున్నాయి. ఒకటి దాదాపు రెట్టింపు జీతం ఇస్తానంటోంది, కానీ పాయింట్ల పట్టికలో అడుగున ఉంది. రెండోది టైటిల్ కోసం పోటీపడే జట్టు, జీతం బాగా తక్కువ. మావాడు గెలిచే జట్టుకే వెళ్తానంటాడు, ఇంగ్లండ్ స్ట్రైకర్ హ్యారీ కేన్‌లా ముప్పై దాటేదాకా ట్రోఫీ కోసం చూడలేనంటాడు. ఈ ఆట మహా అయితే పదేళ్లు, మోకాలు పోతే అదీ ఉండదు. వాడి కోసం నేను ఉద్యోగం కూడా వదిలేశాను. అందుకే డబ్బున్న చోటికి వెళ్లమంటున్నాను. ఇంట్లో రోజూ గొడవే. ఏజెంట్ వారంలో తేల్చమంటున్నాడు. ఎవరిది రైటో చెప్పండి.

జవాబు: ఇలాంటి ప్రశ్న నాకు కొత్తేమీ కాదండీ. క్లబ్బుల పేర్లు మారతాయి, ఇంట్లో గొడవ మాత్రం ఒకటే. తండ్రి డబ్బంటాడు, కొడుకు కప్పంటాడు, నిజానికి ఇద్దరి భయమూ ఒక్కటే: ఇప్పుడు తప్పటడుగు పడితే మళ్లీ అవకాశం రాదేమోనని. ముందు ఆ టెన్షన్ కాస్త తగ్గించుకోండి. 20 ఏళ్లకే రెండు క్లబ్బులు పిలుస్తున్నాయంటే మీవాడి ఆటలో విషయం ఉన్నట్టే. పైగా ఇది జీవితాంతానికి రాసిచ్చే కాగితం కాదు. దేశ చట్టం వేరేగా చెబితే తప్ప ఫిఫా నిబంధనల ప్రకారం కాంట్రాక్ట్ ఐదేళ్లకి మించకూడదు, చివరి ఆరు నెలల్లో ఇంకో క్లబ్బుతో మాట్లాడుకోవచ్చు. 1995లో బోస్మన్ కేసు తీర్పు వచ్చాక యూరప్‌లో గడువు తీరిన ఆటగాణ్ని క్లబ్ పట్టుకుని కూర్చునే రోజులు పోయాయి. మూడేళ్లకి సంతకం పెడితే 23 ఏళ్లకి మళ్లీ బేరం మీవాడి చేతిలోనే ఉంటుంది.

ఇక మీవాడు చెప్పే కేన్ సంగతి. కేన్ 2023లో టోటెన్‌హామ్ వదిలి బయర్న్ మ్యూనిక్‌కి వెళ్లాడు, అప్పటికి బయర్న్ వరసగా 11 సార్లు జర్మన్ లీగ్ గెలిచింది. ట్రోఫీ ఖాయం అనుకున్నారు అందరూ. ఆ సీజన్‌లో లీగ్‌లో 36 గోల్స్ కొట్టాడు, అయినా బయర్న్‌కి ఒక్క కప్పూ రాలేదు, లెవర్‌కూసెన్ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా టైటిల్ ఎగరేసుకుపోయింది. కేన్‌కి లీగ్ టైటిల్ దక్కింది 2025లో. ఎంబాపే కథ ఇంకా ఘోరం. 2024లో పారిస్ క్లబ్ పీఎస్‌జీ వదిలి రియల్ మాడ్రిడ్‌కి వెళ్లాడు, అన్నేళ్లు ఎదురుచూసిన ఛాంపియన్స్ లీగ్‌ని, అంటే యూరప్ క్లబ్బుల అతిపెద్ద కప్పుని, పీఎస్‌జీ సరిగ్గా ఆ తర్వాతి ఏడాదే గెలిచింది, ఎంబాపే లేకుండా. వీళ్లు ప్రపంచంలోనే మేటి ఆటగాళ్లు. వీళ్ల లెక్కే తప్పినప్పుడు, 20 ఏళ్ల కుర్రాడు ఈ క్లబ్‌కి వెళ్తే గెలుస్తాను అని ఎలా రాసుకుంటాడు? జీతం కాగితం మీద రాసిస్తారు, కప్పు ఎవరూ రాసివ్వరు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో టామ్ బ్రాడీ జీతం తగ్గించుకుని మరీ సూపర్ బౌల్స్ (అక్కడి లీగ్ ఫైనల్స్) గెలిచాడని కూడా ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అక్కడ ఒక్కో జట్టు ఖర్చుకి లీగే గట్టి పరిమితి పెడుతుంది, ఒకరు తక్కువ తీసుకుంటే ఆ మిగులుతో ఇంకో మంచి ఆటగాణ్ని తెచ్చుకోవచ్చు. మీవాడి ఆటలో చాలా లీగుల్లో అంత గట్టి పరిమితి లేదు. మీవాడు తగ్గించుకున్న జీతంతో జట్టేమీ బలపడదు, క్లబ్‌కి ఖర్చు తగ్గుతుంది, అంతే.

అలాగని డబ్బు వైపు పరుగెత్తమని నేను అనను. ఈమధ్య తల్లిదండ్రులు పెద్ద జీతాల లీగుల పేర్లు మంత్రంలా జపిస్తున్నారు, మొదట చైనా, ఇప్పుడు సౌదీ. 35 దాటినవాళ్లు వెళ్తే నాకేమీ బాధ లేదు, సంపాదించుకోవాల్సిన వయసే అది. కుర్రాళ్లని అటు తోస్తేనే నాకు గుండె దడ. ఆస్కార్‌నే చూడండి. బ్రెజిల్ తరఫున 2014 ప్రపంచ కప్ ఆడినవాడు, 25 ఏళ్లకి, 2017 జనవరిలో చెల్సీ నుంచి షాంఘైకి వెళ్లాడు. డబ్బు బాగానే వచ్చింది, చైనా లీగ్ కూడా గెలిచాడు, కానీ మళ్లీ బ్రెజిల్ జెర్సీ వేసుకోలేదు. తప్పు చేశాడని నేననను, ఇంటివాళ్ల కోసం సంపాదించాలనుకోవడం నేరం కాదు. అయితే ఆ జెర్సీ కూడా ధరలో భాగమేనని సంతకం పెట్టేముందు తెలియాలి.

క్లబ్ సంగతి కూడా చూడాలి. జియాంగ్సు క్లబ్ 2020 నవంబర్‌లో చైనా లీగ్ ఛాంపియన్ అయింది. 2021 ఫిబ్రవరిలో మూతపడింది. కప్పు గెలిచి నాలుగు నెలలు కూడా కాలేదు, యజమాని చేతులెత్తేశాడు. గ్వాంగ్‌జౌ ఎనిమిది లీగ్ టైటిళ్లు, రెండు ఆసియా ఛాంపియన్స్ లీగ్‌లు గెలిచిన క్లబ్, అది 2025 జనవరిలో అప్పులు తీర్చలేక కనుమరుగైంది. డబ్బూ గెలుపూ రెండూ ఉన్న క్లబ్బులివి. అందుకే ఎంత ఇస్తారని అడిగేముందు ఎవరి డబ్బుతో ఇస్తారు, క్రితం ఏడాది నెలనెలా ఇచ్చారా అని అడగండి. ఆటగాళ్ల సంఘం ఫిఫ్‌ప్రో 2016లో చేసిన సర్వేలో పదిమందిలో నలుగురు తమ జీతం ఆలస్యమైందని చెప్పారు. చేతికి రాని రెట్టింపు జీతంతో ఏం చేసుకుంటారు?

మీ ప్రశ్నలో లేని అసలు ప్రశ్న ఒకటుంది: మీవాడు ఎన్ని నిమిషాలు ఆడతాడు? గెలిచే జట్టులో మీవాడి స్థానంలో ఇప్పటికే ఎంతమంది ఉన్నారో ఎవరైనా లెక్కపెట్టారా? 70వ నిమిషంలో బిబ్ (జెర్సీ మీద వేసుకునే పలుచని చొక్కా) వేసుకుని లైన్ పక్కన అటూ ఇటూ పరిగెత్తి, ఒళ్లు వేడెక్కాక, కోచ్ పక్కవాణ్ని పిలిస్తే మళ్లీ వచ్చి జాకెట్ కప్పుకుని కూర్చోవడం, ఆ తర్వాతి వారమూ అదే, ఆ తర్వాతి వారమూ అదే. అలా రెండు సీజన్లు గడిచాక జట్టు కప్పు గెలిస్తే ఫొటోలో మీవాడూ ఉంటాడు, కానీ తర్వాత కొనబోయే క్లబ్ ఫొటో అడగదు, వీడియో అడుగుతుంది. ఎదిగొచ్చిన ఆటగాడు సీజన్ మొత్తం మ్యాచ్‌ల్లో పదో వంతు కూడా ఆడకపోతే దాన్ని కాంట్రాక్ట్ తెంచుకోవడానికి కారణంగా చూపొచ్చని ఫిఫా నిబంధనల్లోనే ఉంది, ఆడకుండా కూర్చోవడం ఎంత నష్టమో దాన్నిబట్టే తెలుస్తుంది. కాకపోతే ఇంకా ఎదుగుతున్న 20 ఏళ్లవాడికి ఆ నిబంధన సాయపడుతుందని ఆశపడొద్దు.

ఈ లెక్కన మీవాణ్ని ఎక్కువ ఆడించేది అడుగున ఉన్న క్లబ్బే కావచ్చు. అంటే మీ మాటే నెగ్గవచ్చు, కానీ మీరు చెప్పిన కారణానికి మాత్రం కాదు. సంబరపడేముందు ఆ కాంట్రాక్ట్ పూర్తిగా చదివించండి. అడుగున ఉన్న జట్టు కింది డివిజన్‌కి పడిపోతే జీతం ఇంత శాతం తగ్గుతుందని ఒక షరతు చాలా కాంట్రాక్టుల్లో ఉంటుంది. మీరు చెప్పిన రెట్టింపు, ఆ షరతు పడితే రెండో క్లబ్ ఇచ్చే జీతానికే దిగిరావచ్చు. ఆ అంకెలో అసలు జీతమెంత, మ్యాచ్ ఆడితేనే వచ్చే బోనస్ ఎంత? మూడో ఏడాది కొనసాగడం మీవాడి ఇష్టమా, క్లబ్ ఇష్టమా? డివిజన్ పడిపోతే ఫలానా మొత్తానికి వదిలేస్తామన్న రిలీజ్ క్లాజ్ పెట్టించండి. జీతం కాస్త తగ్గించుకునైనా అది రాయించుకోవడం నయమని నా అభిప్రాయం.

మోకాలి గురించి మీ భయం అర్థమైంది. గాయపడ్డాడన్న ఒక్క కారణంతో ఆటగాడి కాంట్రాక్ట్ తెంచేస్తే అది ఫిఫా ట్రైబ్యునల్ ముందు నిలవదు. బ్రెజిల్ ఆటగాడు నేమార్ 2023లో సౌదీ క్లబ్ అల్ హిలాల్‌లో చేరి రెండు నెలలకే మోకాలి లిగమెంట్ తెంచుకున్నాడు, ఆ క్లబ్‌కి ఆడింది మొత్తం ఏడు మ్యాచులే, అయినా ఒప్పందం 2025 జనవరి దాకా నడిచింది. కాబట్టి దెబ్బ తగిలినప్పుడు కాపాడేది గ్యారంటీ ఉన్న జీతం, మిగిలిన గడువు, వైద్యం ఖర్చు ఎవరిదన్న షరతు. రెట్టింపు అంకెలో సగం మ్యాచ్ బోనస్సే అయితే గాయమైన రోజు అది సున్నా.

ఇప్పుడు కటువుగా ఒక మాటంటాను, ఏమీ అనుకోకండి. ఉద్యోగం వదిలేశానని రాశారు. అది మీ నిర్ణయం. చిన్న పిల్లాడు మిమ్మల్ని మానేయమని అడగలేదు, ఇప్పుడు వాడి మొదటి పెద్ద కాంట్రాక్ట్‌తో ఆ లోటు పూడ్చాలనుకోవడం అన్యాయం. ఇంటి ఖర్చంతా వాడి జీతం మీదే నడుస్తుందని తెలిసిన కుర్రాడు ఒక్క పాస్ తప్పినా వణికిపోతాడు. మీ త్యాగం గొప్పదే, కాదనను, దాన్ని మాత్రం బేరం బల్ల మీద పెట్టకండి. రెండు క్లబ్బులతోనూ మాట్లాడేది మీరూ ఏజెంటూ మాత్రమేనా? కోచ్‌తో మీవాడు ఒక్కసారైనా మాట్లాడాడా? నన్ను ఏ స్థానంలో ఆడిస్తారు, నాకంటే ముందు ఎవరున్నారు, నాలాంటి కుర్రాళ్లు క్రితం సీజన్‌లో ఎన్ని మ్యాచులు ఆడారు అని వాడే అడగాలి, మీరు పక్క గదిలో ఉండాలి.

గెలిచే క్లబ్ కోచ్ సూటిగా జవాబిచ్చి, వచ్చిన ఏడాదే మ్యాచులు దొరికేలా ఉంటే, జీతం తక్కువైనా నేను అటే మొగ్గుతాను. బాగా ఆడేవాడి జీతం పెరుగుతుంది, 20 ఏళ్ల వయసులో కుదిరిన జీతమే చివరిదాకా ఉండదు, ఆ విషయంలో మీరు నిశ్చింతగా ఉండండి. జవాబు నసుగుతూ వస్తే అడుగున ఉన్న క్లబ్, పైన చెప్పిన షరతులతో. ఏజెంట్ పెట్టిన వారం గడువుని పట్టించుకోకండి. నిజంగా కావాలనుకున్న క్లబ్ పది రోజులు ఆగుతుంది, ఆలోగా ఏజెంట్‌తో సంబంధం లేని ఒక క్రీడా లాయర్‌కి ఫీజు కట్టి రెండు కాంట్రాక్టులూ చదివించండి. ఆ తర్వాత కూడా సందేహం ఉంటే మీ అబ్బాయినే నాకు రాయమనండి.