ఫెయిల్‌సేఫ్ ఆన్‌లోనే ఉంది, డ్రోన్ ఎందుకు తిరిగి రాలేదు?

ప్రశ్న: నా క్వాడ్‌లో (నాలుగు మోటార్ల డ్రోన్) ఆర్డుపైలట్ కాప్టర్ అనే ఆటోపైలట్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. ట్రాన్స్‌మిటర్ సిగ్నల్ పోతే డ్రోన్‌ను కాపాడే రేడియో ఫెయిల్‌సేఫ్ ఆన్ చేశాను. ప్రొపెల్లర్లు తీసేసి, ట్రాన్స్‌మిటర్ ఆపి చూస్తే దాని సెట్టింగులు చూపే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మిషన్ ప్లానర్‌లో ఏ హెచ్చరికా రావడం లేదు. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు: ప్రొపెల్లర్లు తీసి పరీక్షించి చాలా మంచి పని చేశారు. తప్పు బహుశా ఆటోపైలట్‌లో కాదు, రిసీవర్‌లో ఉంది. సిగ్నల్ పోగానే కొన్ని రిసీవర్లు చివరిగా అందిన స్టిక్ విలువలనే పంపుతూ కూర్చుంటాయి. దీన్ని హోల్డ్ అంటారు. అలాంటప్పుడు చానెళ్లన్నీ (ఒక్కో స్టిక్, స్విచ్ సంకేతాలు) సవ్యంగా వస్తున్నట్టే ఆటోపైలట్‌కు కనిపిస్తుంది. లింకు తెగిందని దానికి తెలిసే దారే లేదు.

మిషన్ ప్లానర్‌లో రేడియో క్యాలిబ్రేషన్ పేజీ తెరిచి థ్రాటిల్ (మోటార్ల శక్తిని పెంచే, తగ్గించే) స్టిక్ పూర్తిగా కిందికి లాగండి. థ్రాటిల్‌కు చెందిన 3వ చానెల్ 1100 చూపిస్తోందనుకుందాం. ఇప్పుడు ట్రాన్స్‌మిటర్ ఆపండి. అంకె 1100 దగ్గరే ఆగిపోతే రిసీవర్ హోల్డ్‌లో ఉన్నట్టే. రిసీవర్ సెట్టింగుల్లో ‘నో పల్సెస్’ (సిగ్నల్ పోతే ఏమీ పంపకపోవడం) ఉంటే అదే ఎంచుకోండి, అన్నిటికన్నా మేలైన పద్ధతి అది. లేకపోతే ట్రాన్స్‌మిటర్‌లో థ్రాటిల్ ట్రిమ్ (చిన్న సర్దుబాటు), ఎండ్‌పాయింట్ (స్టిక్ చివరి హద్దు) తగ్గించి 3వ చానెల్‌ను 950 దాకా దించి, ఆ స్థానాన్నే రిసీవర్‌లో ఫెయిల్‌సేఫ్‌గా సేవ్ చేసి, ట్రిమ్‌నూ ఎండ్‌పాయింట్‌నూ మళ్లీ పాత చోటికి తెచ్చేయండి. ఈ చివరి పని మరిచిపోతే మామూలుగా స్టిక్ దించినా ఫెయిల్‌సేఫ్ మోగుతుంది.

ఫెయిల్‌సేఫ్ మొదలయ్యే థ్రాటిల్ హద్దు ‘ఎఫ్‌ఎస్ టీహెచ్‌ఆర్ వాల్యూ’ మామూలుగా 975 ఉంటుంది. ఇది స్టిక్ దించినప్పటి 1100, సిగ్నల్ పోయినప్పటి 950 అంకెల మధ్య, రెంటికీ కనీసం 10 దూరంలో ఉండాలి. 910 కన్నా పైనే ఉంచండి. ‘ఎఫ్‌ఎస్ టీహెచ్‌ఆర్ ఎనేబుల్’ 1 అయితే ఆర్‌టీఎల్, అంటే బయల్దేరిన చోటికి తిరిగి రావడం. 3 అయితే ఉన్నచోటే దిగడం.

ఒక్క సంగతి తప్పకుండా గుర్తుంచుకోండి. థ్రాటిల్‌ను మీరే నేరుగా నడిపే స్టెబిలైజ్, ఆక్రో మోడ్‌లలో థ్రాటిల్ సున్నాకు దించి ఉన్నప్పుడు లింకు తెగితే ఆర్‌టీఎల్ రాదు, మోటార్లు అక్కడికక్కడే ఆగిపోతాయి. గాల్లో వేగంగా దిగాలని స్టిక్ అడుగుదాకా లాగే అలవాటుంటే ఇవాళే మానుకోండి.

ప్రశ్న: నాది 4ఎస్ (నాలుగు సెల్‌ల) లిథియం పాలిమర్ బ్యాటరీ. వోల్టేజి 12కు పడిపోయినా డ్రోన్ వెనక్కి రాలేదు. ఎందుకు?

జవాబు: తక్కువ వోల్టేజి హద్దు ‘బ్యాట్ లో వోల్ట్’ ముందుగా వచ్చిన 10.5 దగ్గరే ఉండిపోయి ఉంటుంది. అది 3ఎస్‌కు, సెల్‌కు 3.5 వోల్టుల లెక్క. 4ఎస్‌లో అదే 10.5 అంటే సెల్‌కు 2.6. అప్పటికి బ్యాటరీ చచ్చిపోయినట్టే. 14.0 పెట్టండి, రెండో మెట్టు ‘బ్యాట్ సీఆర్‌టీ వోల్ట్’ 13.6 ఇవ్వండి. అంకెలు సరిచేసినంత మాత్రాన సరిపోదు. హద్దు దాటితే ఏం చేయాలో చెప్పే ‘బ్యాట్ ఎఫ్‌ఎస్ లో యాక్ట్’ 0లో ఉంటే హెచ్చరిక మాత్రమే వస్తుంది. దాన్ని 2 చేస్తే ఆర్‌టీఎల్, క్రిటికల్‌కు (రెండో మెట్టుకు) 1 ఇస్తే ల్యాండ్, అంటే ఉన్నచోటే దిగడం.

థ్రాటిల్ ఒక్కసారి పెంచితే వోల్టేజి కాసేపు కుంగి మళ్లీ లేస్తుంది. అందుకే తగ్గిన వోల్టేజి 10 సెకన్లు వరసగా నిలిస్తేనే ఫెయిల్‌సేఫ్ మొదలవుతుంది. ఆ టైమర్‌ను ముట్టుకోకండి. ముందుగా మల్టీమీటర్‌తో బ్యాటరీ కొలిచి, తెరమీది అంకెతో పోల్చి, తేడా ఉంటే క్యాలిబ్రేట్ చేయండి. అర వోల్టు తేడా ఉన్నా పైన చెప్పిన లెక్కంతా తారుమారవుతుంది.

మిల్లీయాంపియర్ అవర్ (బ్యాటరీ సామర్థ్యం) లెక్కనూ జతచేసుకోవచ్చు. 5000 బ్యాటరీకి ‘బ్యాట్ లో ఎంఏహెచ్’ 1000 పెడితే ఐదో వంతు మిగిలినప్పుడు ఫెయిల్‌సేఫ్ మొదలవుతుంది. అయితే ఆన్ చేసిన క్షణాన బ్యాటరీ నిండుగా ఉందనే దాని నమ్మకం. సగం వాడిన బ్యాటరీ తగిలిస్తే ఈ లెక్క పూర్తిగా మోసపోతుంది. కాబట్టి వోల్టేజి హద్దును ఎప్పుడూ తీసేయకండి.

ప్రశ్న: ఆర్‌టీఎల్‌లో వస్తూ చెట్టుకు తగిలింది. ఎత్తు ఎంత ఉండాలి?

జవాబు: దారిలో ఉన్న అన్నిటికన్నా పొడవైన చెట్టు లేదా కట్టడం కన్నా కనీసం 10 మీటర్లు పైన. ‘ఆర్‌టీఎల్ ఆల్ట్’ మామూలుగా 1500, అంటే 15 మీటర్లే. చాలా వెర్షన్లలో ఇది సెంటీమీటర్ల లెక్క. 30 మీటర్లు కావాలంటే 3000 కొట్టాలి. పారామీటర్ పక్కన యూనిట్ చదివాకే మార్చండి. ఈ ఎత్తు బయల్దేరిన చోటు నుంచి కొలిచేది, కింద ఉన్న నేల నుంచి కాదు. ఎత్తయిన గట్టు వైపు ఎగరేస్తే ఆ గట్టు ఎత్తునూ కలుపుకోవాలి. ఫెన్స్ (డ్రోన్ దాటకుండా పెట్టే హద్దు) వాడుతుంటే దాని పై హద్దు దీనికన్నా ఎక్కువ ఉండాలి.

సిగ్నల్ తిరిగి వచ్చినా డ్రోన్ ఆర్‌టీఎల్‌లోనే సాగుతుంది. స్టిక్‌లు కదిలిస్తే చాలదు. మోడ్ స్విచ్‌ను వేరే స్థానానికి మార్చి, మళ్లీ కావలసిన మోడ్‌కు తెస్తేనే పగ్గాలు మీ చేతికి వస్తాయి.