తోమా సువార్తను ‘అప్రామాణికం’ అనవచ్చునా?

సందేహం: మా సంఘంలోని చదువరుల కోసం, యేసు శిష్యుడు తోమా పేరనున్న, బైబిలులో చేరని యేసు మాటల సంకలనం తోమా సువార్తను పరిచయం చేస్తూ ఒక వ్యాసం రాస్తున్నాను. దానిని ‘అప్రామాణిక సువార్త’ అన్నాను. ఒక పెద్దాయన ‘దొంగ సువార్త’ అని రాయమన్నారు. మిత్రుడొకరు ‘రహస్య సువార్త’ బాగుంటుందన్నారు. ఏది సరి? అందులోని బోధలను వచనాలనాలా, సూక్తులనాలా? వాటి సారాన్ని ‘ఆత్మజ్ఞానం’ అనవచ్చునా?

సమాధానం: ‘అప్రామాణికం’ అనే మాటను వాడుకలోకి తెచ్చినవారిని తప్పుపట్టలేము. బైబిలులో చేర్చిన పుస్తకాల పట్టికకు వాడే గ్రీకు పదం ‘కానోన్’కు కొలకర్ర అని అర్థం, సంస్కృతంలో ‘ప్రమాణం’ అన్నా మొదట కొలతే. ఆ లెక్కన ప్రమాణంగా స్వీకరించిన పట్టికలో లేని గ్రంథం అప్రామాణికమే అవుతుంది. అయితే నేటి తెలుగులో అప్రామాణికమంటే ఆధారం లేనిది, నమ్మదగనిది అని స్ఫురిస్తుంది. గ్రంథం బైబిలులో చేరలేదన్న సమాచారం చెప్పబోయి, అది పనికిరానిదన్న తీర్పును కూడా మీరు చెప్పినట్లవుతుంది. ‘అ’ చేరిస్తే నిరాకరణ, ‘ఇతర’ చేరిస్తే వేరన్న సూచన మాత్రమే. అందుకే మనం ‘ప్రభుత్వేతర సంస్థ’ అంటాము గాని ‘అప్రభుత్వ సంస్థ’ అనము. కాబట్టి ‘ప్రామాణికేతర’ అనవచ్చు. ‘బైబిలులో చేరని’ అంటే ఇంకా తేట.

కాలక్రమం చూసినా ఈ జాగ్రత్త అవసరమే. కొత్త నిబంధనకు నేడున్న 27 పుస్తకాలనే పేర్కొన్న తొలి జాబితా అలెగ్జాండ్రియా బిషప్పు అథనాసియస్ 367లో రాసిన లేఖలో కనిపిస్తుంది. తోమా సువార్త అంతకంటే చాలా పాతది. ఈజిప్టులోని ఆక్సిరింకస్‌లో దొరికి, 1897లోను 1904లోను ప్రచురితమైన మూడు గ్రీకు శకలాలలో అన్నిటికంటే పాతది సుమారు క్రీ.శ. 200 నాటిది. పూర్తి పాఠం మాత్రం 1945లో ఎగువ ఈజిప్టులోని నాగ్ హమ్మాది దగ్గర, ఈజిప్టు క్రైస్తవుల పాత భాషయైన కోప్టిక్‌లో, 4వ శతాబ్దపు ప్రతిగా దొరికింది. ‘తోమా ప్రకారం సువార్త’ అన్న పేరు ఆ ప్రతి చివరనే ఉన్నందున, ‘సువార్త’ అనడానికి మీరు సంకోచించనక్కరలేదు.

‘దొంగ’ అన్నది దొంగనోటు, దొంగసంతకంలో లాగా మోసాన్ని ఆరోపించే విశేషణం. తోమాయే స్వయంగా రాశాడని నేటి పరిశోధకులలో ఎక్కువమంది అంగీకరించరు, నిజమే. ఆ సంగతిని ఒక వాక్యంలో చెప్పాలి గాని పేరుకు అంటగట్టకూడదు. ‘రహస్యం’ విషయంలో మీ మిత్రునికి కొంత ఆధారముంది. సజీవుడైన యేసు పలకగా దిదుమ యూదా తోమా రాసిన మరుగైన మాటలు ఇవి అని గ్రంథం మొదలవుతుంది. అయినా నేటి పాఠకునికి రహస్యమంటే ఎవరో దాచిపెట్టిన కుట్ర గుర్తుకొస్తుంది. గ్రంథం ఉద్దేశం వేరు: మాట ఎదుటే ఉంటుంది, అర్థమే మరుగున ఉంటుంది, ఆ అర్థాన్ని కనుగొన్నవాడు మరణాన్ని రుచి చూడడని వెంటనే చెబుతుంది. నీ ముఖం ఎదుట ఉన్నదానిని ఎరుగు, మరుగైనది నీకు బయలుపడుతుంది అని ఐదవ మాట. ‘మరుగైన’ అన్న పదం తెలుగు బైబిలు చదివేవారికి కొత్త కాదు గనుక దానినే ఉంచండి.

‘వచనం’ వద్దు. సంఘంలో ఆ పదానికి బైబిలు అధ్యాయంలోని అంకె వేసిన భాగమని అర్థం స్థిరపడింది. తోమాలో అధ్యాయాలు లేవు. 114 భాగాలన్న విభజన కూడా ఆధునిక సంపాదకులదే. ‘సూక్తి’ నీతిని బోధించి ముగుస్తుంది. ఇక్కడివి చాలావరకు వినేవాణ్ణి చిక్కులో పడేసి వదిలేస్తాయి. ‘బాటసారులై ఉండండి’ అన్న 42వ దానిని ఏ నీతిపద్యం పక్కన పెడతారు? శుభ శుక్రవారంనాడు ‘సిలువపై పలికిన ఏడు మాటలు’ అని మనవారు అంటూనే ఉన్నారు. ఆ ‘మాట’ ఇక్కడా చాలు.

‘ఆత్మజ్ఞానం’ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ గ్రంథాన్ని తెలుగు చేసేవారు తేలికగా జారిపడే చోటు ఇదే. మూడవ మాట తాత్పర్యమిది: రాజ్యం ఆకాశంలో ఉందంటే పక్షులు మీకంటే ముందు చేరతాయి, సముద్రంలో ఉందంటే చేపలు ముందు చేరతాయి, అది మీ లోపలా ఉంది, వెలుపలా ఉంది, మిమ్మల్ని మీరు ఎరిగినప్పుడు మీరు ఎరుగబడతారు, సజీవుడైన తండ్రికి కుమారులమని గ్రహిస్తారు. దీనిని ‘ఆత్మజ్ఞానం’ అన్న ఒక్క సమాసంలో ఇమిడ్చితే ఎరగడం మిగులుతుంది గాని ఎరుగబడడం పోతుంది, తండ్రి అసలే కనిపించడు. పైగా సంఘంలో ‘ఆత్మ’ అనగానే పరిశుద్ధాత్మ తలపుకొస్తుంది, బయటివారికి వేదాంతం తలపుకొస్తుంది. రెండూ మూలంలో లేని దారులే. ‘తన్ను తాను ఎరగడం’ అని క్రియతో చెబితే ఈ చిక్కు ఉండదు. లూకా 17:21 తెలుగులో ‘మీ మధ్యనే యున్నది’ అని ఉంది. తోమా ‘లోపల, వెలుపల’ అని రెండూ కలిపి చెప్పిన సంగతి కూడా మీ వ్యాసంలో చూపదగినదే.

77వ మాటలో యేసు, చెక్కను చీల్చండి, నేనక్కడ ఉన్నాను. రాయిని ఎత్తండి, నన్నక్కడ కనుగొంటారు అంటాడు. మన పాఠకునికి ప్రహ్లాదుడు, స్తంభం తప్పక గుర్తుకొస్తాయి. ఆ పోలికను వ్యాఖ్యలో చెప్పుకోండి. ‘సర్వాంతర్యామి’ని మాత్రం అనువాదంలోకి తేకండి.

చివరగా, యేసు బాల్యంలో మట్టితో పిచ్చుకలు చేసి ఎగరవేసిన కథ ఉన్న గ్రంథం కూడా తోమా పేరనే ఉంది. అది పూర్తిగా వేరే రచన కాబట్టి, ప్రస్తావించవలసి వస్తే దానిని ‘తోమా బాల్య సువార్త’ అని విడిగా పేర్కొనండి.